జిల్లేడు పెళ్ళికి వయసు తేల్చబోయి

తిరిగొచ్చి పది రోజులైంది. మా వీధిలో ఎదురైనవాళ్ళంతా "అనంతపురం వైపు ఏం చూశారండీ?" అని అడుగుతున్నారు. "ఒక దవడ చూశానండీ" అంటే మెల్లగా మాట మార్చి, ఎండల గురించి మాట్లాడుతున్నారు. అందుకని మొత్తం రాసేస్తున్నాను. ఓపిక ఉన్నవాళ్ళు చదువుకుంటారు.

నేను భీమవరం మనిషిని. ముప్ఫై ఏళ్ళు దంతవైద్యం చదివే పిల్లలకు పంటి నిర్మాణం మీద పాఠాలు చెప్పి రిటైరయ్యాను. పన్ను పీకమంటే ఇప్పటికీ చేతులు వణుకుతాయి గానీ, పన్ను చూసి మనిషి వయసు చెప్పమంటే మాత్రం ఎక్కడ లేని హుషారొస్తుంది. ఆ సంగతి మా చెల్లెలి కూతురు సుధకు బాగా తెలుసు. సుధ పురావస్తు తవ్వకాల్లో పనిచేస్తుంది. వేసవి చివర్లో ఒకరోజు ఫోను చేసింది. వజ్రకరూరు అవతల ఒక పల్లెలో ఓబులేసు అనే రైతు తన చేనులో నీటిగుంట తవ్విస్తుంటే, నాలుగు బండలు నిలబెట్టి పెట్టెలా కట్టిన సమాధి బయటపడిందట. లోపల కుండలు, ఒక మనిషి ఎముకలు. రెండు వేల ఏళ్ళ పైమాటేనట.

"పెద్దమ్మా, తొడ ఎముక పక్కన స్కేలు పెట్టి ఫొటో పంపాను. వయసెంతో చెప్పు, ఊళ్ళోవాళ్ళు తొందరపెడుతున్నారు" అంది.

నేనప్పుడు వడియాలు ఎండబెడుతున్నాను. చేయి కడుక్కుని, పాత పుస్తకంలో ఎముక పొడవుకు వయసు చెప్పే పట్టిక ఒకటి ఉంటే తీసి, "పదేళ్ళు, మహా అయితే పదకొండు" అనేశాను. సుధ ఫోను స్పీకరులో పెట్టిందనీ, నా మాట ఊరంతా వింటోందనీ నాకు తెలియదు.

రెండ్రోజులకు మళ్ళీ ఫోను. "నువ్వు రావాలి పెద్దమ్మా. పళ్ళు చూస్తే నాకేదో తేడాగా ఉంది. ఇక్కడ అంతా వయసు మీదే ఆగిపోయింది."

విషయమేమిటంటే, ఆ ఊళ్ళో ఒక కట్టుబాటుంది. మట్టిలో ఉన్న మనిషిని కదిలిస్తే, చేయాల్సిన మర్యాద చేసేదాకా ఆ చేనులో పార ఆడకూడదు. మర్యాద వయసును బట్టి ఉంటుంది. చిన్నపిల్లలైతే గ్లాసెడు పాలు పోసి దణ్ణం పెడతారు, దినాలూ తద్దినాలూ ఏమీ ఉండవు. పెళ్ళీడు వచ్చి పెళ్ళికాకుండా పోయినవాళ్ళకైతే ముందు జిల్లేడు కొమ్మతో పెళ్ళి చేసి, ఆ తర్వాత దినం పెట్టి, ఓళిగలతో, అంటే మా బొబ్బట్లతో, భోజనాలు. పెళ్ళయినవాళ్ళయితే చేను ఆసామి పొట్టేలు కోసి ఊరికి పెట్టాల్సిందే. ఈ మర్యాద పూర్తయితేనే సుధ ఎముకలు మ్యూజియానికి తీసుకెళ్ళగలదు, ఓబులేసు గుంట తవ్వుకోగలడు. నా పదేళ్ళ తీర్పుతో పాలు కాచి కూడా పెట్టారట. అంత బరువు నా నోటి మీద ఎప్పుడూ పడలేదు. బట్టలు సర్దుకున్నాను.

అనంతపురం: ఉగ్గాని, కన్నీళ్ళు

పొద్దున రైలు దిగి, బస్టాండు పక్క హోటల్లో టిఫినేముందని అడిగాను. "ఉగ్గాని బజ్జి" అన్నాడు. బొరుగులు, అంటే మా మరమరాలు, నానబెట్టి, నీళ్ళు పిండేసి, తాలింపు వేసి, పైన పప్పులపొడి చల్లి పెడతారు. మా వైపు బొరుగులు సాయంత్రం కాలక్షేపానికి నమిలే వస్తువు. వాటితో కడుపు నింపుకోవచ్చని నాకు ఈ వయసులో తెలిసింది. ప్లేటు నలభై రూపాయలు, చాలా బాగుంది. పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెట్టాడు. మా ఊళ్ళో బజ్జీ మిరపకాయకు గింజలు తీసేసి, వాము పెట్టి మంచి చేస్తారు. వీళ్ళకు ఆ దయ లేదు. ఒక్క కొరుకుకు కళ్ళూ ముక్కూ ఏకమయ్యాయి.

"ఏమ్మా, ఏడుస్తాండావు? ఎవురన్నా పోయినారా?" అని అడిగాడు వడ్డించే అతను, నిజంగానే బాధపడుతూ.

"లేదు నాయనా, బజ్జీ..."

"ఓ, అదా! ఇదేం కారమమ్మా? ఇంగొకటి తిను, అలవాటయితాది" అని మరొకటి వేసి వెళ్ళాడు. దానికి బిల్లు కూడా వేశాడు.

మా జిల్లాలో పాలు పోసే కుర్రాణ్ణి కూడా గారూ, మీరూ అంటాం, మనసులో ఏమనుకున్నా సరే. ఇక్కడ గంటలో ఏడుగురు నన్ను "నువ్వు" అన్నారు. నేను లెక్కపెట్టాను కూడా. మొదట మూతి ముడుచుకున్నాను. కానీ ఆ ఏడుగురిలో ఒకతను నా సంచి బస్సెక్కించాడు, ఒకామె తన సీటిచ్చి నిలబడింది. మా ఊళ్ళో "తమరు దయచేయండి" అన్నవాళ్ళెవరూ ఇంతవరకు నా సంచి ముట్టుకోలేదు.

బస్సులో వజ్రం

వజ్రకరూరు వైపు తొలకరి పడగానే చేలల్లో వజ్రాలు వెతకడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. నాకది వినికిడే గానీ, అలాంటి మనిషి పక్కనే కూర్చుంటానని అనుకోలేదు. బళ్ళారి నుంచి వస్తున్నాడట, యాభై ఏళ్ళుంటాయి. ఫోనులో అక్షరాలు కనబడక నేను భూతద్దం తీశాను. సంచిలో ఎముకలు కొలిచే పరికరం కూడా అతని కంటపడింది. వెంటనే నా వైపు జరిగి గొంతు తగ్గించాడు.

"వజ్రాల కంపెనీ మనిషివా మేడం?"

"కాదండీ. పళ్ళు చూడ్డానికి వెళ్తున్నాను."

"తెల్సులే, చెప్పగూడదు" అని కన్ను గీటాడు. బనీను జేబులోంచి మడతలు మడతలుగా ఉన్న కాగితం తీసి విప్పాడు. "మూడేండ్లు దాచిపెట్టినా. దీని సంగతి నువ్వే చెప్పల్ల."

భూతద్దం పెట్టి చూశాను. తెల్లగా, నున్నగా, ఒక పక్క తళతళలాడుతోంది. ఎంత జాగ్రత్తగా చెప్పాలో ఆలోచించాను, మంచి మాట ఏదీ తోచలేదు. "ఇది మేక దవడ పన్ను నాయనా. అరుగుదల చూస్తే నాలుగేళ్ళ మేక" అన్నాను.

అతను కాగితాన్ని ఒక్కో మడతా జాగ్రత్తగా మూసి కిటికీ వైపు తిరిగాడు. నాకు ప్రాణం ఉసూరుమంది. తర్వాత మెల్లగా తిరిగి, "మేకదే అనుకుందాం. ఎంతిస్తావు?" అన్నాడు.

ఓబులేసు చేను

ఊరి పేరు రాయను. సమాధుల్లో బంగారం ఉంటుందని పలుగులు పట్టుకుని బయల్దేరేవాళ్ళున్నారని సుధ భయం. ఎర్రనేల, దున్ని వాన కోసం వదిలేసిన శెనక్కాయ చేలు, ఎండ. మధ్యలో తవ్వుతూ తవ్వుతూ ఆగిపోయిన జేసీబీ, దాని నీడలో ఒక కుక్క. పక్కన టార్పాలిను కింద సుధ, ఆమె చుట్టూ ఊళ్ళోని మగాళ్ళు.

నేను సంచి కింద పెట్టకముందే ఓబులేసు ఎదురొచ్చాడు. "పదేండ్లని నువ్వే గదా చెప్పినావు? ఆ మాట ఇంగొకసారి చెప్పి పో మేడం. పాలు పోసి మిషన్ తిప్పుకుంటా. వాన వచ్చేలోగా గుంట గాకపోతే ఈ ఏడు గూడా ఆకాశం చూసుకుంటా కూచ్చోవల్ల."

వెనక నుంచి ఒక నడివయసు మనిషి, "అరవై ఏండ్లని రాయి మేడం. మేము గూడా ఊళ్ళో ఉండాము" అన్నాడు. అతని చూపు కంచెకు కట్టిన పొట్టేలు మీద ఉంది. ఓబులేసు వెళ్ళి పొట్టేలును విప్పి, జేసీబీకి అవతల కట్టేసి వచ్చాడు.

ఊరి పెద్ద నారాయణప్పకు ఎనభై దగ్గర. నడుముకు కొడవలి దోపుకుని, బండ మీద కూర్చున్నాడు. "అరిచేది నిలపండప్పా. ఆయమ్మను చూడనీండి" అన్నాడు.

మోకాళ్ళ మీద కూర్చుని, మెత్తటి కుంచెతో దవడ మీది మట్టి దులిపాను. ఒకవైపు దవడ విరిగి, పళ్ళ వేర్లు బయటికి కనిపిస్తున్నాయి. ఆ విరుపే నా అదృష్టం. రెండో దవడ పన్ను పూర్తిగా పైకొచ్చి, వేరు చివర దాదాపు మూసుకుపోయింది. దాని వెనక, ఎముక లోపల జ్ఞానదంతం తయారై, వేరు దిగడం మొదలైంది. పదేళ్ళ బిడ్డకు ఇవేవీ ఉండవు. ఇంకోసారి చూశాను. కళ్ళద్దాలు తుడుచుకుని చూశాను. ముందుపళ్ళ మీద అడ్డంగా మూడు గీతలున్నాయి, గోటితో తడిమితే తెలిసేంత లోతు. పసితనంలో ఆకలో జబ్బో వచ్చి ఒంటి పెరుగుదల ఆగినప్పుడల్లా పంటి పైనుండే పింగాణీ పొరలో అలాంటి గీత పడుతుంది. ఈ మనిషికి మూడుసార్లు ఆగింది.

నాకు చెవులు వేడెక్కాయి. ఎముక పొడవు పెరుగుదలను చెబుతుంది గానీ వయసును కాదు. తిండి చాలకపోతే ఎముక కురచగా ఉండిపోతుంది, పన్ను మాత్రం ఇంచుమించు తన వేళకే వస్తుంది. ఇది నేను ముప్ఫై ఏళ్ళు పిల్లలకు చెప్పిన పాఠం. మరి నేనేం చేశాను? కడుపునిండా తిన్న పిల్లల్ని కొలిచి రాసిన పట్టికను తీసుకొచ్చి కరువు నేల మనిషి పక్కన పెట్టాను, అదీ వడియాలు ఎండబెట్టుకుంటూ.

"నేను చెప్పింది తప్పు. పదేళ్ళు కాదు. పదిహేను నుంచి పదిహేడు మధ్య ఉంటుంది" అన్నాను.

ఓబులేసు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. పొట్టేలు మనిషి ముఖం వాడిపోయింది. ఇద్దరికీ నేను కాకుండా పోయాను.

"ఇంత పొట్టి బొమికకు పదారేండ్లా?" అన్నాడు నారాయణప్ప.

జవాబు నేను చెప్పలేదు. జనంలోంచి ఒక ముసలామె ముందుకొచ్చింది. నా భుజం కూడా అందదు, గట్టిగా ఉంటే నాలుగడుగుల అయిదంగుళాలు. "ఎత్తు చూసి వయసు చెప్తారా యాడన్నా? నాకెన్నేండ్లో చెప్పండి చూద్దాం, నా మనవరాలి కన్నా పొట్టిగా ఉండా" అంది. ఊరు గొల్లుమంది. నేనూ నవ్వేశాను. ఆమె ఓబులేసు తల్లి, సుంకమ్మ. వంగి ఆ దవడను చాలాసేపు చూసింది. తర్వాత తన పెదవి వేలితో పైకెత్తి నాకు పళ్ళు చూపించింది. ముందుపళ్ళ మీద అడ్డంగా రెండు గీతలు.

సంగటి ముద్ద దగ్గర

మధ్యాహ్నం భోజనానికి సుంకమ్మ తన ఇంటికి తీసుకెళ్ళింది. రాగి సంగటి ముద్ద, ఊరుబిండి అనే శెనక్కాయల పచ్చడి, ఉల్లిపాయ. సంగటిని నమలకూడదు, మింగాలట. పళ్ళ మీద బతికినదాన్ని, నాకిది అవమానంలా తోచింది. నేను నములుతుంటే ఆమె చూసి చూసి, "ఆవు మాదిరి చేస్తాండావేమ్మా" అంది.

రెండో ముద్ద పెడుతూ చెప్పింది. ఓబులేసుకు ముందు ఆమెకొక కూతురు, ఈరమ్మ. వరసగా కరువులు పడ్డ ఏళ్ళలో పెరిగింది, ఎదగలేదు. పదిహేనో ఏట జ్వరమొచ్చి పోయింది. నలభై ఏళ్ళ పైమాట. అప్పుడే కొత్తగా పెద్దరికం చేతికొచ్చిన నారాయణప్ప వచ్చి చూశాడు. పిల్ల ఇంతే ఉంది, ఇంకా పెద్దమనిషి కూడా కాలేదు. "చిన్నబిడ్డ, పాలు పొయ్యండి" అన్నాడు.

"పదైదేండ్లప్పా అని కాళ్ళు పట్టుకున్యా. తల్లి గదా, కడుపు తీపికి చెప్తాంది అన్న్యారు. పెండ్లి లేదు, దినం లేదు. పెద్దల పండగకు పోయినోళ్ళందరి పేర్లూ చెప్తారు గదా, దాని పేరు చెప్పనీరు. చిన్నబిడ్డలకు పేరు చెప్పేది లేదంట."

ఆమె ఏడవలేదు. ఊరుబిండి ఇంకొంచెం వేసింది. "రేపు నారాయణప్ప ముందర అడుగుతా. నువ్వు పక్కనుండు" అంది.

చూడని ఎముకకు నేను వయసు ఎలా చెప్పగలను? ఆ మాటే ఆమెతో అన్నాను. "నిన్ను అబద్ధం చెప్పమనలేదు" అంది సుంకమ్మ. ఆమె సంగటి గిన్నె మీద మూత పెట్టి లేచిపోవడంతో నాకు ఇంకా భయమేసింది.

పెళ్ళి

మర్నాడు పొద్దున్నే పెళ్ళి. సుధ ఎముకలన్నీ కాగితాల్లో చుట్టి నీలం ప్లాస్టిక్ పెట్టెలో సర్దింది. పసుపు కుంకుమ ఎముకల మీద పడితే పరీక్షలకు పనికిరావని గట్టిగా చెప్పింది. ఊరివాళ్ళు పసుపు లేని పెళ్ళి మేమెక్కడా చూడలేదన్నారు. అరగంట వాదించుకుని, పెట్టెకు మూత బిగించి మూత మీద పసుపు రాయడానికి ఒప్పుకున్నారు. పెట్టెకే తాళి కట్టాల్సొస్తే పిడికి కట్టాలి. మా వైపు పెళ్ళిళ్ళలో ముహూర్తం దగ్గర గొడవపడతారు, ఇలాంటి గొడవ మాత్రం నేను చూడలేదు.

అంతా సిద్ధమయ్యాక నారాయణప్ప నా వైపు తిరిగాడు. "సరే. పెట్టెలో ఉండేది మగపిల్లోడా, ఆడపిల్లా?"

నేను సుధను చూశాను. సుధ ఆకాశం చూసింది.

"తెలియదండీ. ఈ వయసుకు నడుము ఎముకలు ఇంకా పూర్తిగా తేలవు" అన్నాను.

"పండ్లు చూసి పదారేండ్లని చెప్పినావు, ఇది చెప్పలేవా?"

"చెప్పలేను."

ఇక చూడాలి రభస. తాళి ఎవరు ఎవరికి కట్టాలి? కొమ్మ పెట్టెకా, పెట్టె కొమ్మకా? పొట్టేలు మనిషి, పెళ్ళయినవాళ్ళని రాసుంటే ఇదంతా ఉండేది కాదు గదా అని గుర్తుచేశాడు. జేసీబీ డ్రైవరు పది నిమిషాలకోసారి వచ్చి ఓబులేసు ముఖంలోకి చూసి పోతున్నాడు.

సుంకమ్మ అందరినీ తోసుకుని వచ్చింది. "జిల్లేడు ఆడదో మగదో ఎవురన్నా ఇంతవరకు అడిగినారా? దానికి లేని పట్టింపు మీకేంది? కట్టండి!"

కట్టారు. మూత మీద అక్షింతలు పడ్డాయి. నేనూ నాలుగు గింజలు వేశాను, చెప్పొద్దూ, కళ్ళు చెమర్చాయి. రెండు వేల ఏళ్ళు ఆగి పెళ్ళి చేసుకున్నవాళ్ళను నేనింకెక్కడ చూస్తాను?

జనం ఓళిగల వైపు కదలబోతుంటే సుంకమ్మ కదల్లేదు. "ఇంగొక కొమ్మ తేండి" అంది.

"ఎవురికి?" అన్నాడు నారాయణప్ప.

"మా ఈరమ్మకు."

ఒక్కసారిగా అందరూ ఆగారు. నారాయణప్ప తన నడుము దగ్గర చేయి పెట్టి చూపించాడు. "అది చిన్నబిడ్డ గదా సుంకమ్మా. నా నడుమెత్తు గూడా లేదు. నేను నా కండ్లతో చూసినా."

"మేడం గూడా బొమిక చూసే పదేండ్లనింది. ఇంత చదివిన మనిషి. అడుగు."

అందరూ నన్ను చూశారు. పారిపోవడానికి జేసీబీ తప్ప వేరే బండి లేదు.

"నేనూ పొడవు చూసే చెప్పాను. తప్పు చెప్పాను. తిండి లేని పిల్లలకు ఒళ్ళు పెరగకపోయినా వయసు మాత్రం పెరుగుతుంది. అది తెలిసి కూడా తొందరపడ్డాను" అన్నాను.

నారాయణప్ప లేచి నా ముందుకొచ్చాడు. "అయితే ఈరమ్మ వయసు నువ్వు చెప్తావా?"

"నేను చెప్పలేను. ఆ బిడ్డను చూడలేదు. నా విద్య తల్లి మిగలని చోట పనికొచ్చేది. ఈ పెట్టెలోని బిడ్డ తల్లి ఇక్కడుంటే, నేను పళ్ళు చూసేదాన్ని కాదు. ఆమెనే అడిగేదాన్ని" అన్నాను.

అతను నన్ను చూశాడు, సుంకమ్మను చూశాడు. వెనక్కి తిరిగి, చేనుకు అడ్డంపడి నడుచుకుంటూ పోయాడు. "కోపమొచ్చింది పెద్దాయనకు" అన్నారెవరో. ఓబులేసు తల్లి చేయి పట్టుకుని, "ఎందుకమ్మా ఇప్పుడిదంతా" అన్నాడు. ఆమె చేయి విడిపించుకుంది. ఓళిగల మీద ఈగలు వాలుతున్నా ఒక్కరూ తోలలేదు. అంత దూరం వెళ్ళిన నారాయణప్ప తెల్లపంచె కంచె దగ్గర కిందికి వంగడం నాకు కనిపించింది.

తిరిగొచ్చేటప్పుడు ఎడమచేతిలో జిల్లేడు కొమ్మ ఉంది. మూరెడు కూడా లేదు, నిండా పూలు. కొడవలితో కోసినచోట పాలు కారుతుంటే తువ్వాలుతో తుడుస్తూ వచ్చి, సుంకమ్మ ముందు నిలబడ్డాడు. ఆమె ముఖంలోకి చూడలేక కొమ్మనే చూస్తూ మాట్లాడాడు.

"పొట్టిదే" అన్నాడు. "ముదురు కొమ్మే. తీసుకో."